మా అవ్వను చూసి నవ్వే టీవీ

పుంగనూరు దగ్గర ఒక ప్రైమరీ బడి. నాలుగో తరగతిలో మా ఎరుకల బిడ్డ ఒకతె ఉంది. పేరు రాయడం లేదు. పదహారో ఎక్కం దాకా గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. ఒక సోమవారం పొద్దున ప్రార్థనకు వరసలో నిలబడి ఉంటే వెనక నుంచి ఇద్దరు మగపిల్లలు అరచేతులు చాపి, "సోదమ్మా, మా ఇంట్లో చెంబు ఎవరెత్తుకుపోయిందీ చెప్పవే, నువ్వే కదా" అన్నారు. వరసంతా నవ్వింది. ముందురోజు రాత్రి టీవీలో ఒక కామెడీ స్కిట్ వచ్చింది. ఒక మగాయన చీర కట్టి, మొహానికి నల్లరంగు పూసుకుని, చంకన బుట్ట పెట్టుకుని సోది చెప్పడానికి వచ్చాడు. సోది చెబుతూ చెబుతూ ఇంటాయన జేబులోని డబ్బు, గూట్లోని చెంబు బుట్టలో వేసుకుని పోయాడు. కుర్చీల్లో కూర్చున్న జడ్జీలు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. ఏ చానెల్, ఏ కార్యక్రమం అన్నది ఇక్కడ రాయం. ఒకదాని పేరు రాస్తే మిగతావన్నీ తప్పించుకుంటాయి.

ఆ బిడ్డ తొమ్మిది రోజులు బడికి రాలేదు. పదో రోజు మేం ఇంటికి పోయాం. రేకుల ఇంటి ముందు వాళ్ల అవ్వ వెదురు బద్దలు చీల్చుతూ కూర్చుని ఉంది. లోపల టీవీ మోగుతోంది. బిడ్డకు జ్వరమా అని అడిగాం. జ్వరం లేదంది. మరి బడికి ఎందుకు పంపలేదంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న మాట మాకిప్పటికీ చెవుల్లోనే ఉంది. "ఆ యాటకం మేమూ చూసినాం నాయినా. నాకూ నవ్వొచ్చింది. నవ్వినా. పక్కన ఇది కూడా నవ్వింది. పొద్దున బడికి పోయినాక తెలిసింది దీనికి, ఆ నవ్వింది మనల్ని చూసే అని."

ఈ వ్యాసం ఆ అవ్వ మాట దగ్గర పుట్టింది.

మేం అంటే ముగ్గురు టీచర్లం. ఒకరిది పుంగనూరు, ఎరుకల ఇల్లు. ఒకరిది మదనపల్లె అవతల సుగాలీ తండా. మూడో వాళ్లూ ఎరుకలే, పని చేసేది కుప్పం వైపు. ముగ్గురం నలభై దాటినవాళ్లం. డి.ఎడ్. చదివి, డీఎస్సీ రాసి, పడమటి మండలాల బళ్లలో చాక్‌పీసు పట్టుకున్నవాళ్లం. ఏజెన్సీలో పుట్టలేదు కాబట్టి మమ్మల్ని ఆదివాసులు అనడానికి కూడా కొందరు వెనకాడతారు. అది వేరే గొడవ, ఇంకోసారి రాస్తాం.

పిల్లలు ఏ కార్యక్రమాలు చూడొచ్చు, ఏవి చూడకూడదు అని తల్లిదండ్రుల మీటింగుల్లో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. మేమూ చెప్పాం కొన్నేళ్లు. భక్తి కార్యక్రమాలు మంచివి, వార్తలు మంచివి, కార్టూన్లు పర్లేదు, సీరియళ్లు వద్దు, కామెడీ వద్దు, సినిమా పాటలు అసలే వద్దు. ఈ జాబితా ఎవరు రాసిందో తెలియదు గానీ మా ఇళ్లలో కూర్చుని రాసింది మాత్రం కాదు. వాళ్లకు బూతు ఒక్కటే ప్రమాదం. బూతు లేకపోతే చాలు, ఇంటిల్లిపాదీ చూడదగ్గది అయిపోతుంది. మా బిడ్డ ఇంటిపేరును, మా అవ్వ బుట్టను, మా ఒంటి రంగును ఎగతాళి చేసినా అందులో బూతు మాట లేకపోతే అది శుభ్రమైన వినోదమే! మాకు ఈ లెక్క కుదరదు. ఏ కార్యక్రమం చూశాక మర్నాడు మా బిడ్డ బడిలో తలెత్తి కూర్చోలేదో అది మాకు బూతు.

మా చిన్నప్పుడు టీవీ మా దాకా రాలేదు, మేమే దాని దగ్గరికి పోయాం. పంచాయతీ ఆఫీసులో ఒకటి ఉండేది. ఆదివారం పొద్దున ముందు రామాయణ్, ఆ తర్వాత 1988 నుంచి మహాభారత్. హిందీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. లోపల చాపల మీద ఊరివాళ్లు కూర్చునేవాళ్లు. మేం కిటికీ ఊచలు పట్టుకుని వేలాడేవాళ్లం. ఎండ పడితే తెర కనిపించదని మాలో ఒకడిని కిటికీకి అడ్డంగా నిలబెట్టేవాళ్లు, నీడ కోసం. ఏకలవ్యుడు వచ్చిన ఆదివారం మాత్రం మా తాత కూడా వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఏకలవ్యుడు మావాడని ఎరుకలోళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. వేలు కోసి ఇచ్చే ఘట్టం చూసి లోపలున్న పెద్దాయన ఒకాయన "ఆహా, గురుభక్తి" అన్నాడు. మా తాత ఏమీ అనకుండా ఇంటికొచ్చేశాడు. అదే బొమ్మ, అదే మాట. లోపల చూసినవాడికి భక్తి కనిపించింది, కిటికీ బయట చూసినవాడికి వేలు కనిపించింది. ఈ కార్యక్రమం మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే ఎక్కడ కూర్చుని చూస్తున్నావని తిరిగి అడగాలని మాకు అప్పటి నుంచే తెలుసు, చెప్పడానికే ఇన్నేళ్లు పట్టింది.

నిజానికి మన పల్లెలకు టీవీ మొదట వచ్చింది అయ్యవారిగా. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహాన్ని ఏడాది వాడుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెల్లో టీవీ పెట్టెలు పెట్టారు. ఆ ఆరింట్లో మన ఆంధ్రప్రదేశ్ ఉంది, కుప్పానికి ఆనుకుని ఉన్న కర్ణాటక కూడా ఉంది. పొద్దున బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977లో. అంటే మన రాష్ట్రంలో రాజధాని కంటే ముందు కొన్ని పల్లెలు టీవీ చూశాయి, అదీ పాఠం కోసం. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. తర్వాత మాటీవీ, జీ తెలుగు. అప్పటి నుంచి టీవీ పని పాఠం చెప్పడం కాదు, మన కళ్లను ప్రకటనలవాళ్లకు అమ్మడం. అది వ్యాపారం, ఒప్పుకుంటాం. కానీ ఆ అంగట్లో అమ్ముడయ్యే సరుకుల్లో మా పరువు కూడా ఎందుకుందని అడుగుతున్నాం.

సోది సంగతే తీసుకుందాం. పొద్దున ఆరింటికి ఏ చానెల్ తిప్పినా ఒక పెద్దమనిషి జరీ కండువా కప్పుకుని రాశిఫలాలు చెబుతుంటాడు. ఈ రోజు మేషరాశి వాళ్లు ఎర్ర చొక్కా వేసుకోవాలి, వృషభరాశి వాళ్లు ఫలానా రాయి పెట్టుకోవాలి. రాయి ఎక్కడ దొరుకుతుందో ఫోన్ నంబరు కింద పరుగెడుతూ ఉంటుంది. ఆయన్ని చూసి ఎవరూ నవ్వరు. ఆయన్ని గురువుగారూ అంటారు. మా అవ్వ గడపలో కూర్చుని చెయ్యి చూసి, చాటెడు బియ్యమో పాత చీరో తీసుకుని, "నీ మనసులో ఒకటుంది తల్లీ, అది నెరవేరుతుంది" అని చెబితే అది మూఢనమ్మకం, మోసం, కామెడీ! సోది నిజమని మేం అనడం లేదు. బడిలో సైన్సు చెప్పే మనుషులం, ఎలా అంటాం? రెండూ నమ్మదగ్గవి కావు. కానీ ఒకదానికి సింహాసనం, ఇంకోదానికి చీపురుకట్ట ఏమిటి? మూఢనమ్మకాన్ని ప్రోత్సహించే కార్యక్రమాలు చూపించకూడదని కేబుల్ టీవీ నియమాల్లో రాసి ఉంది. ఆ నియమం పొద్దున ఆరింటి కండువాకు ఎందుకు తగలదో ఎవరైనా చెప్పాలి.

ఇంకో సంగతి. ఏడుకొండలవాడి కథ మన జిల్లాల్లో తెలియనివాళ్లు లేరు. పద్మావతిని పెళ్లాడడానికి శ్రీనివాసుడు ఏ వేషంలో ఆకాశరాజు ఇంటికి పోయాడు? ఎరుకలసాని వేషంలోనే కదా. చంకన బుట్ట, చేతిలో కర్ర, నోట సోది. రాణి ధరణీదేవి ఆ ఎరుకలసానిని కూర్చోబెట్టి, మర్యాద చేసి, చెప్పింది విని, నమ్మింది. భక్తి సినిమాల్లో, భక్తి చానెళ్లలో ఆ ఘట్టం వస్తే అందరూ చేతులు జోడిస్తారు. దేవుడు కడితే లీల. అదే బుట్టతో మా మనిషి వస్తే జేబుదొంగ. పుంగనూరు నుంచి తిరుపతికి ఎంత దూరం? ఆ కొండ కింద ఉంటూ ఈ మాట అనడానికి మాకు హక్కుందనుకుంటున్నాం.

"అది నవ్వుకోడానికే కదా సార్, సీరియస్‌గా తీసుకుంటే ఎట్లా" అంటారు. మా స్టాఫ్ రూముల్లోనే అంటారు. వాళ్లకు ఒక తేదీ చెబుతాం. 1871లో ఇంగ్లీషువాళ్లు నేరస్థ జాతుల చట్టం చేశారు. పుట్టుకతోనే దొంగలు అనే మాటను చట్టం చేసి, తర్వాత మద్రాసు రాజధానికి కూడా తెచ్చి, ఎరుకలోళ్లకు అంటగట్టారు. పోలీసు స్టేషన్లో వేలిముద్రలు, రాత్రిపూట హాజరు, ఊరు దాటాలంటే చీటీ. స్టువార్టుపురం లాంటి సెటిల్మెంట్లు అలా పుట్టినవే. చట్టం రద్దయింది 1952లో. కాగితం మీద పోయింది. తెర మీద పోలేదు. స్టువార్టుపురం అనగానే సినిమావాళ్లకు దొంగ ఒక్కడే గుర్తొస్తాడు, అక్కడి నుంచి వచ్చిన టీచర్లు, ఉద్యోగులు గుర్తురారు. 2023లో టైగర్ నాగేశ్వరరావు సినిమా టీజరు వచ్చినప్పుడు ఎరుకలవాళ్లు అభ్యంతరం చెప్పారు, వివాదం హైకోర్టు దాకా పోయింది. సినిమాకు కనీసం సెన్సారు బోర్డు ఉంది. వారం వారం ఇళ్లలోకి వచ్చే స్కిట్టుకు ఎవరున్నారు? చెంబు పోయింది అనగానే మా బిడ్డ వైపు చూసే ఆ చూపు నూట యాభై ఏళ్ల నాటిది. ఆ మగపిల్లలిద్దరికీ దాని సంగతి తెలియదు, పదేళ్ల పిల్లలు. వాళ్లకు ఆ చూపును ఆదివారం రాత్రి ఎవరో నేర్పారు.

నేర్పడం అనే మాట ఊరికే అనడం లేదు. డి.ఎడ్.లో మనస్తత్వశాస్త్రం చదివిన ప్రతి టీచరుకూ బండూరా గుర్తుండాలి. 1961లో ఆయన పిల్లల ముందు ఒక పెద్దమనిషి చేత గాలి బొమ్మను కొట్టించాడు, తిట్టించాడు. తర్వాత పిల్లల్ని ఆ బొమ్మ ఉన్న గదిలో వదిలితే వాళ్లూ అలాగే కొట్టారు, అవే తిట్లు తిట్టారు. తర్వాత ఫిల్ములో చూపించి కూడా పరీక్షించాడు. ఫిల్ము చూసిన పిల్లలూ కొట్టారు. పరీక్షల్లో దీనికి నాలుగు మార్కుల జవాబు రాశాం. బడి వరండాలో అదే జరుగుతుంటే మాత్రం పిల్లలు కదా, పోనీలే అంటాం.

మాకు నవ్వంటే పడదని అనుకోకండి. 2001 నుంచి 2007 దాకా జెమినీలో అమృతం వచ్చేది. హోటలు నడపలేక తంటాలు పడే ఇద్దరు మిత్రులు, వాళ్ల ఇంటి ఓనరు. ఆ కార్యక్రమం ఎవరి కులాన్నీ, ఎవరి రంగునూ, ఎవరి యాసనూ పట్టుకుని బతకలేదు. పాత్రలు తమ తెలివితక్కువతనం మీదే నవ్వు పుట్టించుకున్నాయి. ఇప్పటికీ యూట్యూబులో పెట్టుకుని మా పిల్లలతో కలిసి చూస్తాం, మీరూ చూడండి. 2013లో ఈటీవీలో జబర్దస్త్ మొదలైంది. తెలుగు టీవీ కామెడీకి ఆ తర్వాత అదే అచ్చు అయింది. మంచి నటులు వచ్చారు, బీదిళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లకు అన్నం దొరికింది, అది కాదనం. కానీ మగవాళ్లు ఆడవేషం కట్టడం, ఒకడి పొట్టిదనం, ఇంకొకడి నలుపు, ఇంకొకడి లావు, ఇవే నవ్వు సరుకుగా ఏళ్లకేళ్లు నడపడం మాకు నచ్చదు. బలమున్న కులాల మీద మాట తూలితే ఏమవుతుందో ఈ కామెడీ వాళ్లకు తెలుసు. బతుకమ్మ మీద మాట తూలినందుకు 2021లో ఒక షో నటుడు తెలంగాణ జనానికి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టి చెప్పారు. మొలకు ఆకులు కట్టుకుని, మొహానికి మసి పూసుకుని, అర్థంలేని కూతలు కూస్తూ గెంతే అడవి మనిషి స్కిట్టుకు ఎవరైనా క్షమాపణ చెప్పారా? మా సుగాలీ టీచరు అడిగేది ఇంకొకటి. వాళ్లమ్మ అద్దాలు, గవ్వలు కుట్టుకుని ఏడాది కష్టపడి తయారు చేసుకున్న పేటియా, కాంచళి టీవీలో ఎప్పుడు కనిపించాయి? డ్యాన్సు పోటీల్లో, ఐటమ్ పాటల్లో, సగం బట్ట కోసేసి. "అవి మా అమ్మ పెళ్లి బట్టలు" అని ఆ కొరియోగ్రాఫరుకు ఎవరు చెబుతారు?

సీరియళ్ల మీద మా ముగ్గురికీ ఒక అభిప్రాయం లేదు. 2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో కార్తీకదీపం వచ్చింది. రంగు తక్కువని అవమానపడే దీప కథ. మా వాడల్లో సాయంత్రం ఆ వేళకు ఒక్క ఆడమనిషీ బయట ఉండేది కాదు. కుప్పం టీచరు ఏమంటారంటే, తెలుగు టీవీలో నల్లని పిల్ల కథానాయికగా నిలబడి, వంటలక్కగా కష్టపడి పిల్లల్ని పెంచుకుంటుంటే మన ఆడవాళ్లు తమను తాము చూసుకున్నారు, అదేమీ తక్కువ కాదు అంటారు. నిజమే. కానీ ఆ దీప అన్నేళ్లలో చేసిందేమిటి? అనుమానించిన మొగుడు ఎప్పుడు నమ్ముతాడా అని ఎదురు చూసింది. నలుపు ఆమె తప్పు కాదని సీరియల్ చెబుతుంది, అయినా ఆ నలుపుకు శిక్ష అనుభవిస్తూ ఉండాలని కూడా చెబుతుంది. పైగా ఇలాంటి సీరియళ్ల మధ్యలోనే తెల్లబడే క్రీముల ప్రకటనలు. మా ఏడో తరగతి పిల్లలు కూలి డబ్బుల్లోంచి పది రూపాయల ప్యాకెట్లు కొంటారు. ఈ వాదన మాలో తెగలేదు, ఇక్కడ తేల్చబోం.

చిన్నారి పెళ్లికూతురు గురించి మాత్రం ముగ్గురిదీ ఒకే మాట. హిందీ బాలికా వధుకు తెలుగు డబ్బింగు, మాటీవీలో వచ్చేది. బాల్యవివాహాల మీద మేం తండాల్లో చెప్పిన ఉపన్యాసాలన్నీ ఒక ఎత్తు, ఆనంది ఒక్కతే ఒక ఎత్తు. ఎనిమిదో తరగతి పిల్లకు సంబంధం చూస్తున్నారని తెలిసి మదనపల్లె వైపు ఒక తండాకు పోతే, 2006 చట్టం, జైలు శిక్ష, ఇవన్నీ చెప్పినా తల్లి తల తిప్పలేదు. "ఆ ఆనంది అత్తగారింట్లో పడిన కష్టం రోజూ చూస్తావు కదమ్మా, నీ బిడ్డను పంపిస్తావా" అంటే ఏడ్చింది. పెళ్లి ఆగింది. ఆ పిల్ల ఇంటర్ పూర్తి చేసింది. సీరియళ్లు వద్దు అని గంపగుత్తగా చెప్పేవాళ్లు ఇది వినాలి. ఆ సీరియల్ తర్వాత తర్వాత సాగదీసి పాడు చేశారు, అది వేరు. మొదటి భాగాల మేలు మేం మరచిపోలేం.

కార్టూన్లు పర్లేదన్నారు కదా, ఛోటా భీమ్ చూడండి. హైదరాబాదులో తయారైనదే, మా పిల్లలకు ప్రాణం. కండలున్న మంచి పిల్లవాడు భీమ్. వాడితో ఎప్పుడూ కయ్యానికి వచ్చే లావుపాటి వాడి పేరు కాలియా. హిందీ తెలిసినవాళ్లు ఆ పేరుకు అర్థం చెబుతారు. పర్లేదా? మేం ఆపెయ్యమనడం లేదు, పక్కన కూర్చుని ఆ పేరు గురించి పిల్లలతో మాట్లాడమంటున్నాం. ఇక బిగ్‌బాస్. పెద్దలంతా ఛీ అంటారు, మేమూ చూడొద్దనే అంటాం, తగువులు చూసి నేర్చుకునేదేమీ లేదు. కానీ 2020లో గంగవ్వ ఆ ఇంట్లోకి పోయింది. పల్లె మనిషి, కూలి చేసుకున్న ముసలమ్మ. తన మాట తను మార్చుకోకుండా, తన ముక్కుసూటితనం తను వదలకుండా కూర్చుంది. మా అవ్వలు ఆమె కోసం మేలుకుని చూశారు. ఒంట్లో బాగాలేక ఆమె మధ్యలోనే బయటికి వచ్చేశాక టీవీ కట్టేశారు. వాళ్లకు ఏది చూడాలో ఎవరూ చెప్పలేదు.

వార్తలు మంచివన్నారు. మా మూడు ఊళ్లకు వార్తా చానెళ్ల బండ్లు ఎప్పుడొస్తాయో చెబుతాం. మదనపల్లెకు టమోటా కోసం వస్తాయి. 2023 జూలైలో కిలో ధర రెండు వందల దరిదాపుకు పోయినప్పుడు మార్కెట్ యార్డులో కెమెరాలు వారాల తరబడి ఉన్నాయి. ధర రూపాయికి పడి రోడ్డు మీద పారబోసినప్పుడూ వస్తాయి. ఆ టమోటా కోసిన సుగాలీ కూలీలను, ఆ కాలంలో బడి మానేసిన వాళ్ల పిల్లలను ఒక్కరూ అడగలేదు. పుంగనూరుకు ఆవు కోసం వస్తాయి. 2024 సంక్రాంతికి ఢిల్లీలో ప్రధాని తన ఇంట్లో పుంగనూరు పొట్టి ఆవులకు మేత పెడితే రోజంతా అదే చూపించారు. మా ఊరి ఆవుకు అంత గౌరవం దక్కినందుకు సంతోషమే. కుప్పానికి ఎలక్షన్లకు వస్తాయి. 1989 నుంచి అది చంద్రబాబు నాయుడు గారి నియోజకవర్గం కాబట్టి మెజారిటీ ఎంతో లెక్కపెట్టడానికి. టమోటా, ఆవు, ఓటు. మా తండా, మా వాడ వార్తలోకి రావాలంటే ఎవరైనా చావాలి, లేదా ఎవరి ఇంట్లోనైనా దొంగతనం జరగాలి.

కుప్పం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఆ పక్క ఇటు అడుగేస్తే తమిళనాడు, అటు అడుగేస్తే కర్ణాటక. ఇళ్లలో మూడు భాషల చానెళ్లూ మోగుతాయి. 2006లో డీఎంకే ప్రభుత్వం వచ్చాక సరిహద్దు అవతల బీదిళ్లకు కలర్ టీవీలు ఉచితంగా పంచారు. ఇవతల ఉన్న మా చుట్టాలు అవతలి చుట్టాల ఇళ్లకు సీరియళ్లు చూడ్డానికే పోయేవాళ్లు. అప్పుడు గమనించాం, మా ముసలివాళ్లకు తెలుగు సీరియల్ కంటే తమిళ సీరియలే ఎక్కువ నచ్చుతుంది. కథ కాదు కారణం. మేం ఇంట్లో మాట్లాడుకునే ఎరుకల మాట తమిళానికి దగ్గర. సన్ టీవీలో ఎవరో "వా, ఉక్కారు" అంటే మా అవ్వకు తన ఇంట్లో ఎవరో పిలిచినట్టు ఉంటుంది. వందలకొద్దీ చానెళ్లున్న పెట్టెలో తన భాష లేక, దానికి దగ్గరి చుట్టం లాంటి భాషను వెతుక్కుంటోంది డెబ్బై ఏళ్ల మనిషి. సుగాలీ ఇళ్లలో ఇప్పుడు యూట్యూబులో గోర్‌బోలీ పాటలు వస్తున్నాయి, తండా కుర్రాళ్లే సెల్‌ఫోన్లతో తీస్తున్నారు. కొన్ని మోటుగా ఉంటాయి. అయినా అవి చూడమనే చెబుతాం.

మరి ఇంకేం చూడమంటారని అడిగేవాళ్లకు. ఈటీవీ అన్నదాత చూడండి. ఏళ్ల తరబడి పొద్దున్నే రైతు పొలంలోకి పోయి, రైతు చేతే మాట్లాడించిన కార్యక్రమం. అందులో చదువులేని మనిషి తెలివైనవాడిగా కనిపిస్తాడు. మా పిల్లలకు వాళ్ల నాయన అలా కనిపించే చోటు టీవీలో ఇంకెక్కడుంది? కబడ్డీ చూడండి. 2014లో ప్రొ కబడ్డీ మొదలయ్యాక మా బడి మట్టిలో గీతలు మళ్లీ పడ్డాయి. ఆ ఆటలో నల్లని ఒళ్లు, పల్లె ఒళ్లు సిగ్గుపడదు. దూరదర్శన్ సప్తగిరిని తీసిపారెయ్యకండి. 2020లో బళ్లు మూతపడ్డప్పుడు పాఠాలు చెప్పింది అదే. మా పిల్లల్లో సగం మంది ఆ వేళకు టమోటా తోటల్లో ఉన్నారు, అది టీవీ తప్పు కాదు.

ఇంకొకటి, మేం బడిలోనే చూపించాం. 2022 జూలై 25, సోమవారం. ద్రౌపది ముర్ము రాష్ట్రపతిగా ప్రమాణం చేసిన రోజు. అప్పటికి మా బళ్లకు స్మార్ట్ టీవీలు రాలేదు. సెల్‌ఫోను బల్ల మీద స్టీలు గ్లాసుకు ఆనించి పెట్టి ముప్పై మందిని చుట్టూ కూర్చోబెట్టాం. ఆమె కూడా ఒకప్పుడు టీచరే అని చెప్పాం. ఒక సుగాలీ పిల్లవాడు, "ఆమె ఇంట్లో వేరే మాట మాట్లాడుతుందా మేడమ్" అని అడిగాడు. సంతాలీ అని చెప్పాం. "ఐతే మాకున్నట్టే" అని వాడు పక్కవాడితో అన్నాడు. తర్వాత ఆమె ఏం మాట్లాడిందో వాడికి అక్కర్లేకపోయింది. ఇప్పుడు నాడు-నేడు కింద వచ్చిన తెరలు బళ్లలో ఉన్నాయి. వాటి మీద ఏం చూపించాలన్నది కొంతైనా మా చేతుల్లో ఉంది. ఈ పుస్తకం చదివే టీచర్లకు ఇది గుర్తు చేస్తున్నాం.

ఇక ఆ స్కిట్టు సంగతి. ఏం చెయ్యగలం అని మేమూ మొదట అనుకున్నాం. తర్వాత చదివాం. 1995 కేబుల్ టీవీ చట్టం కింద ఉన్న కార్యక్రమ నియమావళి ప్రకారం, ఏదైనా జాతిని, భాషా సమూహాన్ని, ప్రాంతం వాళ్లను కించపరిచేలా, వెటకారంగా, చిన్నచూపుతో చూపించకూడదు. నల్లరంగు, బుట్ట, జేబుదొంగ, ఇంతకంటే ఏం కావాలి? 2021లో మార్చిన నియమాల ప్రకారం చూసినవాళ్లెవరైనా చానెల్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యొచ్చు. పదిహేను రోజుల్లో వాళ్లు తేల్చి చెప్పాలి. చెప్పకపోతే పైన చానెళ్ల సంఘానికి, ఆ పైన కేంద్ర ప్రభుత్వానికి. ఎస్సీ ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం 1989 నుంచి ఉండనే ఉంది. ఇవన్నీ ఏ టీవీ వాడూ మనకు చెప్పడు. తెర కింద ఎప్పుడో ఒకసారి చిన్న అక్షరాల్లో పరుగెడుతుంది, అదీ మా వాళ్లు చదవలేని ఇంగ్లీషులో.

ఉత్తరం రాశాం. తెలుగులోనే రాశాం. కార్యక్రమం వచ్చిన తేదీ, వేళ, స్కిట్టులో ఏముందో, బడిలో ఏం జరిగిందో, బిడ్డ పేరు లేకుండా. ముగ్గురం సంతకాలు పెట్టి పోస్టు చేశాం. రసీదు మా దగ్గరుంది. మా సంఘం పెద్దలు కొందరు కోప్పడ్డారు, ఉద్యోగాలున్నవాళ్లు ఇలాంటివి పెట్టుకోకూడదని. ఇంకొందరు కుర్రాళ్లు ఉత్తరాలేంటి, స్టూడియో ముందు కూర్చుందాం పదండి అన్నారు. కూర్చోవలసి వస్తే కూర్చుంటాం. ముందు ఉత్తరానికి జవాబు రానివ్వండి అన్నాం.

పదిహేను రోజులు పోయి రెండు నెలలైంది. జవాబు రాలేదు. పోయిన శనివారం రెండో ఉత్తరం రాసి, సంతకాల కోసం వాడకు తీసుకుపోయాం. నలభై ఒక్కమంది పెట్టారు. బిడ్డ ఇప్పుడు బడికి వస్తోంది, ఉత్తరం మొత్తం వాళ్లవ్వకు అదే చదివి వినిపించింది. అవ్వ వెదురు కత్తి పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఎడమచేతి బొటనవేలు ఇంకు ప్యాడు మీద అద్ది, అడుగున వేలిముద్ర వేసింది.